బెల్లం అంగడి పిల్ల

మైదుకూరు,
20 జనవరి 1957.

ఒరే రామకోటీ,

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈసారి ఆ మాట రాయబోతే చెయ్యి ఆడలేదు. నేరుగా సంగతికే వస్తాను.

రామలక్ష్మికి ఒంట్లో బాగలేదు. జ్వరం కాదు, దగ్గు కాదు. దసరాకు కుట్టించిన పరికిణీ ఇప్పుడు నడుము దగ్గర మడిచి పిన్ను పెడితేగాని నిలవడం లేదు. నీళ్ళ కోసం కడవ దగ్గరే కూర్చుంటుంది. అన్నం మీ బావకంటే ఎక్కువ తింటుంది, అయినా పుల్లలా అయిపోతోంది. పక్క తడుపుతోంది. పదకొండేళ్ళ పిల్ల, పొద్దున నా ముఖం చూడలేక బొంత తానే మోసుకుపోయి పెరట్లో పిండుకుంటోంది. నిన్న జలదారి దగ్గర చీమలు బారు కట్టి ఉన్నాయి. బెల్లం అంగడి వాళ్ళింట్లో చీమలు కొత్తా అని మా అత్త నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ చీమలు అంగడి వైపు నుంచి రావడం లేదు.

అత్త దిష్టి తీసింది. "ఎదిగే పిల్ల అట్లనే ఉంటాది. నువ్వు ఊరికే కంగారు పడతాండావు" అంటుంది. మీ బావ మిరప బేరం తెగినాక కడపలో చూపిద్దాం అంటాడు. ఆయన బేరం ఎప్పుడు తెగుతుందో ఆ దేవుడికే తెలియాలి.

నువ్వేమో డాక్టరు పరీక్ష ప్యాసయి కూడా, పిల్లలకొచ్చే గ్రంథుల జబ్బులని ఇంకో చదువు పట్టుకుని మద్రాసులో కూర్చున్నావు. అదేం చదువో నాకు ఇప్పటికీ తలకెక్కలేదు. ఆ చదువులో ఇలాంటి పిల్లలు ఉంటారా? ఉంటే వెంటనే రాయి. నాకు కాలు నిలవడం లేదు.

నీ అక్క,
కన్యకమ్మ


మద్రాసు,
23 జనవరి 1957.

అక్కా,

ఈ ఉత్తరం చదివిన రోజే రామలక్ష్మిని తీసుకుని బయలుదేరు. మిరప బేరం ఆగకపోతే బావను వదిలిపెట్టి రా. కడపలో మెయిలు ఎక్కితే పొద్దునకు ఇక్కడుంటారు. స్టేషనుకు నేనే వస్తాను.

నువ్వు చీమల మాట రాసి రోగం పేరే రాసేశావు. ఇది మధుమేహం. కడుపులో ఒక గ్రంథి ఉంటుంది. దాని రసం ఇన్సులిన్. అది ఊరకపోతే తిన్న తిండి ఒంటికి పట్టదు, తీపంతా మూత్రంలో పోతుంది. పెద్దవాళ్ళు కొందరు పథ్యంతో నెట్టుకొస్తారు. పిల్లలకు ఆ రసాన్ని రోజూ సూదితో ఎక్కించాలి, లేకపోతే బతకరు. నిన్ను భయపెట్టాలని రాయడం లేదు, బావను కదిలించాలని రాస్తున్నాను. ఆయనకు ఈ ముక్క చదివి వినిపించు.

రామకోటయ్య


మద్రాసు,
4 మార్చి 1957.

అక్కకూ నాగసుబ్బయ్య బావకూ నమస్కారాలు.

మీరు వెళ్ళినప్పటి నుంచి వార్డులో ఆ మూల మంచం వైపు చూడబుద్ధి కావడం లేదు. జ్ఞానమణి సిస్టరు రోజూ "ఆ మైదుకూరు పాప ఎలా ఉంది" అని అడుగుతోంది. నెల రోజుల్లో బుగ్గలు వచ్చాయి కదా. వచ్చిన రోజున దాన్ని చూసి నేను పక్క గదిలోకి పోయి నిలబడ్డాను. అది నీకు చెప్పలేదు.

ఇక్కడ నేర్చుకునేదేమిటని అడిగావు. మేం నలుగురం. మొదటి వారంలో ప్రొఫెసరుగారు మా చేత ఉప్పునీళ్ళు మా తొడల్లోనే పొడిపించారు, పిల్లలకు ఎలా ఉంటుందో తెలియాలని. పిల్లలకు పెట్టే కొలత తిండి రెండు రోజులు మాకూ పెట్టారు. ఆకలికి ఒకడు కాంటీనుకు పారిపోయి దొరికాడు. మెడలోని గ్రంథి పనిచేయక ఐదేళ్ళకూ అడుగు వేయని పాప ఒకతె వచ్చింది. మాత్రలు మొదలుపెట్టి మూడు నెలలు కాలేదు, మంచం పట్టుకుని నిలబడి నన్ను చూసి నవ్వింది. ఈ చదువు మీద నాకు ఇంత పిచ్చి ఎందుకో ఆ నవ్వు చూస్తే నీకు తెలిసేది. మే ఇరవై ఒకటిన ఆఖరు పరీక్ష. కర్నూలు నుంచి రాజధాని పోయింది కాని వైద్య కళాశాల వస్తుందంటున్నారు. పరీక్ష గట్టెక్కితే అక్కడికే అర్జీ పెడతాను.

ఇప్పుడు అసలు మాటలు. మీ ఊరి కాంపౌండరు దావీదురాజు రోజూ పొద్దున సూది వేస్తాడు. ఏ కారణం చేతా సూది ఆపకూడదు. జ్వరమొచ్చినా, పండగొచ్చినా, చుట్టాలొచ్చినా ఆపకూడదు. బెల్లం, చక్కెర ఆ పిల్లకు విషం. ఎంత ఏడ్చినా చిటికెడు కూడా నోట పడకూడదు. మీది బెల్లం అంగడి కాబట్టి మళ్ళీ మళ్ళీ చెబుతున్నాను. మందు సీసా చల్లని చోట, బంగారంకంటే భద్రంగా పెట్టుకోండి. మూత్రం నీలి మందులో కాచి రంగు చూడడం నీకు నేర్పాను కదా. నీలంగా ఉంటే మంచిది, పచ్చగా మారితే జాగ్రత్త, ఇటుక రంగు వస్తే నాకు వెంటనే రాయి.

రామకోటయ్య


మైదుకూరు,
15 మార్చి 1957.

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు చెప్పినట్టే అన్నీ జరుగుతున్నాయి, యుద్ధంతో సహా.

మొదటి రోజు గాజు గొట్టం పట్టుకుని వంటింట్లో కూర్చున్నానో లేదో అత్త వచ్చింది. "ఏమ్మే, వంటింట్లో ఉచ్చ కాగబెడతాండావా? ఎసరు పెట్టే తావు ఇది" అని చెంబు నేలకేసి కొట్టింది. స్పిరిట్ దీపం, గొట్టం, నీలి మందు అన్నీ ఎత్తుకుని ఎద్దుల కొట్టంలోకి మారాను. ఇప్పుడు చిత్రమేమిటంటే, పొద్దున్నే ఆవిడే నాకంటే ముందు కొట్టం గడప దగ్గర నిలబడుతోంది. లోపలికి రాదు, మైల. బయట నుంచే "ఈ పొద్దు ఏం రంగుండాది?" అని అడుగుతుంది. నీలం అని చెబితే పోయి తులసికి నీళ్ళు పోస్తుంది.

మందు సంగతి నీకు బెంగ అక్కర్లేదు. బంగారంకంటే భద్రంగా అన్నావు కదా, మీ బావ సీసాను అంగడిలో ఇనప్పెట్టెలోనే పెట్టాడు, నా కాసులపేరు పక్కన. చల్లని చోటు అని కూడా అన్నావు, ఇనుము ఎప్పుడు ముట్టుకున్నా చల్లగానే ఉంటుంది. తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరుగుతున్నాడు. పొద్దున దీపం పెట్టి, పెట్టె తీసి, సీసాకు కూడా దణ్ణం పెట్టి దావీదురాజు చేతికిస్తాడు. ఆయన నా చేతికి కూడా అంత భక్తిగా ఏదీ ఇచ్చింది లేదు.

పిల్ల బాగానే ఉంది. బడికి పోతోంది. అంగడి ముందు నుంచి పోయేటప్పుడు మాత్రం ముక్కు మూసుకుని పరిగెత్తుతుంది. కొత్త బెల్లం బళ్ళు వచ్చిన రోజు ఇల్లంతా వాసనే. ఎందుకట్లా పరిగెత్తుతావు అంటే, "వాసన పీల్చినా ఒంట్లోకి పోతాదేమో మా" అంది.

ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. ఆ మందు దేనిలోంచి తీస్తారు? దావీదురాజును అడిగితే నేల చూపులు చూశాడు.

అక్క


మద్రాసు,
24 మార్చి 1957.

అక్కా,

వార్డులో పని తెగడం లేదు, తొందరలో రాస్తున్నాను. నీలం రంగు వస్తోందని చదివి సంతోషించాను. మిగతాదంతా నిదానంగా చదువుతాను.

నువ్వు అడిగినదానికి నిజమే చెబుతాను. పశువుల కడుపులోని గ్రంథి నుంచి తీస్తారు. ఇంకో దారి లేదు. చెప్పాలో వద్దో నీ ఇష్టం.

రామకోటయ్య


మైదుకూరు,
28 ఏప్రిల్ 1957.

రామకోటీ,

నీ ముక్క చదివిన వెంటనే పొయ్యిలో పెట్టాను. ఆ సంగతి నాతోనే ఉంటుంది. అత్తకు తెలిస్తే మళ్ళీ ఆ పిల్ల తాకిన చెంబు ముట్టుకోదు. నాకైతే ఆ పశువుకు దణ్ణం పెట్టాలనిపించింది.

అది అలా ఉంచు. వారం రోజులుగా రంగు మారుతోంది. మొదట పచ్చ, తరువాత పసుపు. నిన్నా ఈ రోజూ ఇటుక రంగే. అత్త గడప దగ్గర నిలబడి అడిగితే ఏం చెప్పాలో తెలియక గొట్టం వెనక్కి దాచాను. పిల్ల మళ్ళీ కడవ దగ్గర చేరింది. పరికిణీకి మళ్ళీ పిన్ను వచ్చింది. సూది ఒక్క రోజు కూడా తప్పలేదు. తిండి నేనే పెడుతున్నాను. ఏం జరుగుతోందో నాకు తెలియడం లేదు.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటోంది. బెల్లం దిమ్మలు కరిగి గోనెల్లోంచి కారుతున్నాయి, మీ బావ గొణుగుడు వినలేకపోతున్నాను. నువ్వు వెంటనే రాయి. పోస్టు బంట్రోతు కనపడినప్పుడల్లా నేను వీధిలోకి వస్తున్నానని ఇరుగుపొరుగు నవ్వుకుంటున్నారు.

అక్క


మద్రాసు,
2 మే 1957.

అక్కా,

ఇటుక రంగు వచ్చిందంటే దానికి కారణం ఒక్కటే. పిల్ల దొంగతనంగా తీపి తింటోంది.

కోపం తెచ్చుకోకు. ఇది మేం వార్డులో రోజూ చూస్తున్నాం. దిండు కింద మిఠాయి, జేబులో చక్కెర. అడిగితే తల్లి మీద ఒట్టు వేసి మరీ లేదంటారు. కరిగిన బెల్లం కారుతోందని నువ్వే రాశావు. పదకొండేళ్ళ పిల్ల వేలు పెట్టి నాకకుండా ఉంటుందా? అంగడి వైపు తలుపుకు గొళ్ళెం వేయించు. బావను గట్టిగా అడగమను. జాలిపడితే పిల్ల మిగలదు.

సూది మందు రెండు గీతలు పెంచమని దావీదురాజుతో చెప్పు. వారంలో తగ్గకపోతే ఇంకో రెండు గీతలు పెంచాలి.

రామకోటయ్య


మైదుకూరు,
10 మే 1957.

రామకోటయ్యకు,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. వినిపించకుండా ఉండాల్సింది.

అంగడి మూసి ఇంట్లోకి వచ్చి పిల్లను ఎదురుగా నిలబెట్టాడు. "ఎప్పుడు తిన్యావు? ఎంత తిన్యావు? నిజం చెప్పు." అది "నేను తినలేదు నాయనా" అంది. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. కొట్టాడు. పుట్టినప్పటి నుంచి దాని మీద చెయ్యి వేయని మనిషి చెంప మీద కొట్టాడు. అది ఏడవలేదు. నా వైపు తిరిగి, "నువ్వన్నా చెప్పు మా, నేను తినలేదని" అంది.

నేను చెప్పలేదు. మద్రాసులో చదివిన తమ్ముడు రాశాడు కదా, ఎందుకు తప్పు రాస్తాడు అనుకున్నాను. గొళ్ళెం వేశాం. దాని పలక సంచీ కూడా వెతికాను. మందు పెంచాం. అయినా ఇటుక రంగే. అంటే ఇంకా ఎక్కడో తింటోందా? ఏ సందులోంచి? నాకు పిచ్చెక్కేలా ఉంది. దాని వెనకే పోలీసులా తిరుగుతున్నాను. అది నాతో మాట్లాడడం మానేసింది.

సీసా అయిపోవచ్చింది. కొత్తది పంపు.

కన్యకమ్మ


మద్రాసు,
13 మే 1957.

అక్కా,

కొత్త సీసా మంచుముక్కల డబ్బాలో పెట్టి, కడప వస్తున్న తెలిసినాయన చేత పంపుతున్నాను. గురువారానికి నీకు అందుతుంది. ఇంకో రెండు గీతలు పెంచండి.

బావ కొట్టడం బాగలేదు, కాని పిల్లకు భయం ఉండాలి. నిన్న నా వంతు వచ్చి, రామలక్ష్మి సంగతి ప్రొఫెసరుగారి ముందు చెప్పాను. ఇంటి నుంచి వచ్చే రంగులను బట్టి దొంగతిండి ఎలా పసిగట్టానో వివరించాను. ఆయన తల ఊపారు. అందరూ దాన్ని బెల్లం అంగడి పిల్ల అని పిలుస్తున్నారు. ఇంతకూ దొంగ ఒప్పుకుందా లేదా?

పరీక్ష దగ్గరపడింది. నిద్ర పట్టడం లేదు.

రామకోటయ్య


మైదుకూరు,
18 మే 1957.

తమ్ముడూ,

నీ మాట దాటాను. ఏం జరిగిందో వరసగా రాస్తాను. చదివినాక నన్ను ఏమంటావో అను.

గురువారం సీసా వచ్చింది. నీ ఉత్తరమూ వచ్చింది. దొంగ ఒప్పుకుందా అని రాసిన ముక్క పిల్ల చదివింది. నేను స్నానానికి పోయినప్పుడు చదివినట్టుంది. నేను రాగానే, "మా, రేపు శుక్రారం అమ్మవారికి ఒక్కపొద్దుంటా. నేను తినింటే అమ్మవారే చూపిస్తాది. తినకుంటే నాయన నమ్ముతాడు" అంది. అత్త కళ్ళు తుడుచుకుని, "ఉండనీలేమ్మే, మంచిదే గదా" అంది. నేనూ సరే అన్నాను. నీ ఉత్తరాలన్నీ తిరగేశాను రామకోటీ. సూది ఆపకూడదని ఉంది, పండగైనా ఆపకూడదని ఉంది. ఒక్కపొద్దు ఉండకూడదని ఎక్కడా లేదు.

శుక్రవారం పొద్దున దావీదురాజు కొత్త సీసా తీసి, నువ్వు చెప్పినన్ని గీతలు ఎక్కించి, ప్రొద్దుటూరు పోయాడు. అది తలంటుకుని అమ్మవారి పటం ముందు కూర్చుంది. కాసేపటికి చేతులు వణికాయి. నీళ్ళు పోసినట్టు చెమట. పలవరించింది. "గొళ్ళెం తీయద్దు" అంది. తరువాత పక్కకు ఒరిగిపోయింది. పిలిస్తే పలకలేదు. కళ్ళు పైకి పోయాయి. మీ బావ వీధి గడపలో నిలబడిపోయాడు, లోపలికి అడుగు పడలేదు ఆయనకు. అత్త తులసి తీర్థం తెచ్చింది. అది ఎప్పుడు తెస్తారో నీకు తెలుసు.

బిడ్డ పోతోందని అనుకున్నాను. నాలుగు నెలలుగా తీపి ముట్టకుండా, ముక్కు మూసుకుని పరిగెత్తిన పిల్ల. పోయే బిడ్డ ఆశతో పోకూడదు అనుకున్నాను. గొళ్ళెం తీసి అంగడిలోకి పోయి బెల్లం దిమ్మ పగలగొట్టాను. ఆ తీర్థంలోనే నలిపి వేలితో దాని చిగుళ్ళకు రాశాను. విషమని తెలిసే పెట్టాను. మళ్ళీ పెట్టాను. నాలుక కదిలింది. చప్పరించింది. ఇంకా పెట్టాను. కళ్ళు తెరిచి నన్ను చూసి, నా వేలు చూసి, నోరు గట్టిగా మూసుకుంది. "ఒక్కపొద్దు చెడిపోయింది గదా మా, ఇంక నాయన నమ్మడు" అని ఏడ్చింది.

ఇప్పుడు లేచి కూర్చుంది. నీ మాట కాదని విషం పెట్టినందుకు నన్ను క్షమించు. కాని నాకు ఒకటి అర్థమైంది. సూది వేస్తే పడిపోయింది, బెల్లం పెడితే లేచింది. ఈ పొద్దు దావీదురాజును గడప తొక్కనివ్వలేదు. ఇక ఆ సూది వేయనివ్వను. నువ్వేం రాసినా వేయనివ్వను.

అక్క


మద్రాసు సెంట్రల్ స్టేషను,
20 మే 1957.

అక్కా,

ఉత్తరం ఇప్పుడే అందింది. తంతి ఇచ్చాను. అది నమ్ముతావో లేదో తెలియదు. మెయిలు ఎక్కుతున్నాను, ఈ ఉత్తరంకంటే ముందే నీ ముందు ఉంటాను. అయినా బండి కదిలేదాకా చేతులు ఊరుకోవడం లేదు.

క్షమించమని అడగకు. నువ్వు పెట్టింది విషం కాదు. సూది వేశాక తిండి పడకపోతే ఒంట్లో తీపి మరీ తగ్గి మనిషి పడిపోతుంది. అప్పుడు తీపి పెడితేనే బతుకుతుంది. నువ్వు పెట్టకపోతే పిల్ల ఆ పూటే పోయేది. కాని సూది ఆపితే కూడా పోతుంది. ఈసారి బెల్లం కాపాడదు. అక్కా, దయచేసి సూది వేయించు. నా మీద నమ్మకం పోతే పోనీ, ఇది ఒక్కటి చెయ్యి.

గార్డు ఈల వేశాడు.

రామకోటి


మద్రాసు,
9 జూన్ 1957.

అక్కకు,

పోయిన వారం నువ్వు పంపిన కార్డులో నీలం అని ఒక్క మాటే ఉంది. అది చాలు నాకు.

ఆ మంగళవారం మీ గడపలో అడుగుపెట్టకముందే రామలక్ష్మి ఊపిరి నాకు వీధిలోకే వినిపించింది. అలాంటి ఊపిరి వార్డులో విన్నాను, దాని తరువాత ఏం జరుగుతుందో కూడా చూశాను. కడప ఆసుపత్రిలో ఆ రెండు రోజులూ సెలైను సీసా పట్టుకుని నిలబడి నేను డాక్టరునన్న మాటే మరిచిపోయాను. ఇంకొక్క రోజు ఆలస్యమై ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు. బావ తంతి చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడని చెప్పావు. ఆయన మీద నాకు కోపం లేదు. నా మాట వినే కదా ముందు పిల్లను కొట్టాడు.

ఇనప్పెట్టె మీద చెయ్యి వేసి వెంటనే తీసేశాను, మీరంతా చూశారు. పడమటి గోడకు ఆనుకుని ఉన్న ఇనుము, మే నెల. అందులో ఉంచిన మందు ఎందుకూ పనికిరాకుండా పోయింది. రోజూ సూది పడుతూనే ఉంది, ఒంటికి మందు మాత్రం పడలేదు. పెట్టెలో పెట్టామని నువ్వు మార్చిలోనే రాశావు. చదివాను. చదివి దాటిపోయాను. మందు సంగతి వదిలేసి పిల్లను దొంగను చేశాను. చచ్చిన మందుకు లెక్కవేసి గీతలు పెంచాను, ఆ లెక్కనే మంచి మందు ఎక్కించారు మీరు.

ఇంకొకటి నీకు ముఖాముఖి చెప్పలేకపోయాను. తీపి తగ్గి పడిపోవడం గురించి ఇంటివాళ్ళకు నేర్పి పంపాలని ప్రొఫెసరుగారు మాకు చెప్పారు. నేను కావాలనే చెప్పలేదు. బెల్లం అంగడి వాళ్ళకు ఒకప్పుడు బెల్లం పెట్టొచ్చని చెబితే, పిల్ల ఏడ్చినప్పుడల్లా పెడతారని అనుకున్నాను. మిమ్మల్ని నమ్మలేదు. వార్డులో గంట కొడితే భోజనం వస్తుంది, చెమట పడితే జ్ఞానమణి సిస్టరు గ్లూకోసు నీళ్ళు పట్టుకుని నిలబడుతుంది. అందుకే రామలక్ష్మి ఇక్కడ ఒక్కసారీ పడిపోలేదు. నీకు చూసే అవకాశమే రాలేదు.

పరీక్ష పోయింది, మళ్ళీ డిసెంబరులో. నిన్న ప్రొఫెసరుగారి ముందు, అదే గదిలో, అదే డాక్టర్ల ముందు లేచి, ఆ పిల్ల తినలేదని చెప్పాను. నా తప్పంతా చెప్పాను. ఆయన నన్ను కూర్చోమన్నారు. తరువాత, "మందు ఎక్కడ పెడతారని ఒక్కడైనా అడిగాడా?" అని మా నలుగురినీ అడిగారు. ఎవరూ అడగలేదు. ఈ రోజు పొద్దున వార్డులో తల్లులను అడిగాం. ఒకావిడ పొయ్యి పైన గూట్లో అంది. ఇంకొకావిడ దేవుడి దీపం పక్కన అంది.

మందు సీసా చల్లగా ఉండాలని నేను పెట్టి వచ్చిన రెండు కుండల మధ్య ఇసుక ఎండనివ్వకు. ఒక్కపొద్దులు ఇక వద్దు. చెమట పడితే ముందు బెల్లం, తరువాత అన్నం. దాని సంచీలో ఒక ముక్క ఎప్పుడూ ఉండాలి.

ఈ ఉత్తరం రామలక్ష్మికి చదివి వినిపించు. నేను అక్కడున్నన్ని రోజులూ అది నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అమ్మా రామలక్ష్మీ, నువ్వు తినలేదు. మామ తప్పు రాశాడు.

రామకోటయ్య


మైదుకూరు,
20 జూన్ 1957.

రామకోటీ,

ఉత్తరం చదివాను. నువ్వు మమ్మల్ని నమ్మలేదన్న ముక్క దగ్గర కోపం వచ్చి కాగితం కింద పెట్టేశాను. తరువాత నా సంగతి గుర్తొచ్చింది. నేను కన్నబిడ్డనే నమ్మలేదు, నిన్నేమనను?

మీ బావ నీ ఉత్తరం రాకముందే ఒక పని చేశాడు. శనివారం సంత, అంగడి నిండా మనుషులు. పిల్లను పిలిచి గద్దె మీద పక్కన కూర్చోబెట్టుకుని, "మా పాప తినలేదప్పా. నేనే తప్పు పట్టినా, కొట్టినా" అని అందరికీ చెప్పాడు. వాళ్ళకేం తెలుసు పాపం, ఏం తినలేదో, ఎందుకు చెబుతున్నాడో. ఒకాయన "తినకుంటే ఎట్లప్పా, తినమను" అన్నాడు. ఇంట్లోకి వచ్చి మీ బావ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన ఏడవడం నేను అప్పుడే చూశాను.

నీ ఉత్తరం చదువుతుంటే అది స్తంభానికి ఆనుకుని విన్నది. "ఆ డాక్టర్లంతా విన్యారా?" అని అడిగింది. విన్నారంట అన్నాను. "సరే" అంది. లేచిపోయి కుండ దగ్గర ఇసుక తడిపింది.

అసలు సంగతి ఇది. వారం నుంచి అది దావీదురాజును చెయ్యి వేయనివ్వడం లేదు. తానే సూది కాచుకుని, తానే గీత చూసుకుని, తొడలో తానే పొడుచుకుంటోంది. మొదటి రోజు నేను అడ్డం పోయాను. చిన్నపిల్లవు, నీకెందుకు, మేం లేమా అన్నాను. అది సూది పట్టుకున్న చెయ్యి కదలకుండానే, "మీకు ఒగోరోజు నా మీద నమ్మకం ఉంటాది, ఒగోరోజు ఉండదు. సూది మాత్రం రోజూ పడాల గదా మా" అంది.

కోపంగా అనలేదురా. లెక్క చెప్పినట్టు అంది. రోజూ పొద్దున దాని పక్కన కూర్చుంటున్నాను, అడిగితే దూది అందిస్తున్నాను.

నీ అక్క,
కన్యకమ్మ